డయాలసిస్‌లో ఉన్న నాన్న కోసం ఏమని ప్రార్థన చేయాలి? మాటలు రావడం లేదు

రేణిగుంటరోడ్డు_అమ్మాయి:

అందరికీ వందనాలు. తిరుపతి నుంచి రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికతో చదవండి.

మా నాన్నకి 58 ఏళ్లు. ఇరవై ఏళ్లు రైల్వే స్టేషన్ నుంచి అలిపిరికి ఆటో తోలారు. షుగర్ వల్ల రెండు కిడ్నీలూ పాడయ్యాయి, మార్చి నుంచి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. మిషన్ మీద నాలుగు గంటలే కానీ పోయి, కూర్చుని, మన వంతు వచ్చి, మళ్లీ ఇంటికి చేరేసరికి రోజంతా అయిపోతుంది. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) జరుగుతోంది, ఆ మటుకు దేవునికి స్తోత్రం. మిగతావి, అంటే బయట కొనే మందులు, ఇంటి బాడుగ, తమ్ముడి డిప్లొమా ఫీజు అన్నీ నా ఒక్క జీతం మీదే. ఆటో ఇంటి ముందు పట్ట కప్పి ఉంది.

మా సంఘం వాళ్లు బాగా ప్రార్థన చేస్తున్నారు, కాదనను. కానీ పోయిన వారం ఇంటికి వచ్చిన ఒకాయన నాన్న ముందే, "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి, విశ్వాసం ఉంటే ఆ మిషన్‌తో పనేంటి" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఇది చాలదన్నట్టు ఆయన బ్లడ్ రిపోర్ట్ ఫోటో, పేరుతో సహా, ఏవేవో ప్రేయర్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాన్ని పెట్టింది నేనే, మొదట ఒక్క గ్రూపులోనే పెట్టాను.

ఇప్పుడు నా సంగతి. మోకరిస్తే ఏమీ రావడం లేదు. "స్వస్థపరచు ప్రభువా" అంటే అబద్ధం చెప్తున్నట్టు ఉంది, "నీ చిత్తమే జరగాలి" అంటే నాన్నని వదిలేసుకున్నట్టు ఉంది. క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్త పరీక్ష) ఎంత, ఒంట్లో నీరు చేరి బరువు ఎంత పెరిగింది, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో. పక్కింటి అత్త ఏమో కొండకి వెళ్లినప్పుడు మీ నాయన పేరు కూడా చెప్పుకుంటాలే అంది, ఆమె అన్నది చాలా సులువుగా, మనస్ఫూర్తిగా ఉంది. నాకెందుకు రావడం లేదు? అసలు ఏమి అడగాలి?

----

విశ్వాసవీరుడు_చిత్తూరు:

సిస్టర్, సందేహపడేవాడు ఏమీ పొందలేడని వాక్యం చెప్తోంది. మనుషుల మీద, మిషన్ల మీద ఆధారపడకండి. 21 రోజులు కుటుంబమంతా, నాన్నగారితో సహా, ఉపవాసం పట్టండి. తప్పకుండా అద్భుతం చూస్తారు.

----

డయాలసిస్_నర్సక్క:

పై బ్రదర్ చెప్పింది దయచేసి చేయకండి. ముందు ఇది రాసి తర్వాత మిగతాది చెప్తాను. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటూ డయాలసిస్‌లో ఉన్న మనిషి ఉపవాసం ఉంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఉపవాసం మీరు ఉండండి, నాన్నగారు వేళకి తినాలి.

నేను చిత్తూరు జిల్లాలోనే పదకొండేళ్లుగా డయాలసిస్ యూనిట్‌లో పని చేస్తున్నా, నేనూ విశ్వాసినే. ప్రార్థన చేసేవాళ్ల వల్ల పేషెంట్లకి జరిగే ఇబ్బందులు నాకు తెలిసినంత ఎవరికీ తెలియవేమో, ఎందుకంటే అవన్నీ మరుసటి రోజు మా దగ్గరికే వస్తాయి. చూడ్డానికి వచ్చేవాళ్లు ప్రేమతో కొబ్బరి బోండాలు, అరటిపండ్లు తెస్తారు. రెండిట్లోనూ పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు కూడా. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు వచ్చి నాలుగు బోండాలు తాగిస్తే మంగళవారం ఆయన పరిస్థితి చూడాలి! ఇంకొకటి, ఫిస్టులా వేసిన చెయ్యి, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి. చెయ్యి పట్టుకుని ప్రార్థన చేయడం మంచిదే కానీ ఆ చెయ్యి పట్టుకుని నొక్కకూడదు, దాని మీద బరువు పెట్టకూడదు, బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు. మీరు రోజూ పొద్దున ఆ చోట వేళ్లు ఆనించి చూడండి, లోపల సన్నగా జుమ్మని తెలుస్తుంది. తెలియకపోతే ఆలస్యం చేయకుండా యూనిట్‌కి ఫోన్ చేయండి.

గ్రూపుల్లో రిపోర్ట్ సంగతి. ఎక్కడెక్కడ ఉందో అడిగి తీయించేయండి, సిగ్గుపడకుండా. ఇకపై నాన్నగారిని అడిగి, ఆయన ఏమి చెప్పమంటే అంతే చెప్పండి. అసలు ఆయన్ని ఎవరైనా అడిగారా, నీకోసం ఏమని ప్రార్థన చేయమంటావు అని? నేను చూసిన వాళ్లలో చాలామందిని ఎవరూ అడగలేదు.

----

పుత్తూరు_పాస్టరమ్మ_కొడుకు:

చెయ్యి విరిగితే ఆ క్షణమే మా ఊరి కట్టు వేయించుకోవడానికి పరుగెత్తుకొస్తారు, ఆ కట్టు విప్పేదాకా విశ్వాసం లేదని ఎవరూ ఎవర్నీ అనరు. కిడ్నీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మందులు అవిశ్వాసం అయిపోతాయి. ఈ లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అక్కా, మీ నాన్న ముందు పాపం మాట తెచ్చిన ఆయనకి యోహాను సువార్త 9వ అధ్యాయం చూపించండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది అదే ప్రశ్న, వీడి పాపమా, కన్నవాళ్ల పాపమా అని. యేసు రెండూ కాదన్నాడు. కష్టాలపాలైన యోబును చూడ్డానికి వచ్చిన స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు మెదపకుండా ఉన్నంతసేపు మంచివాళ్లే, నోరు తెరిచాకే చెడిపోయింది. (మా అమ్మ రోగుల ఇళ్లకి వెళ్లేటప్పుడు నాకు చెప్పేది, బైబిల్ పట్టుకెళ్లు, మాటలు ఇంట్లో పెట్టి రా అని.)

ఇక అడగడం గురించి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు మొదట అడిగింది ఈ గిన్నె, అంటే ఆ శ్రమ, నా దగ్గర నుంచి తొలగించమనే. నీ చిత్తం అన్నది ఆ తర్వాత, అదీ ఒక్కసారితో అయిపోలేదు, మూడుసార్లు వెళ్లి ప్రార్థన చేశాడు. మనం మొదటి సగం మింగేసి నేరుగా రెండో సగానికి వెళ్లిపోతాం, అందుకే అది వదిలేసుకున్నట్టు అనిపిస్తుంది. 13వ కీర్తనలో దావీదు రెండు వచనాల్లోనే ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని నాలుగుసార్లు నిలదీస్తాడు. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం కూడా లేదు, అయినా బైబిల్‌లో నుంచి ఎవరూ తీసేయలేదు. మీకు బుర్రలో తిరుగుతున్నది క్రియాటినినే అయితే అదే చెప్పండి. ప్రభువా, ఇవాళ ఇంత ఉంది, బరువు రెండు కిలోలు పెరిగింది, నాకు భయమేస్తోంది, ఆమేన్. అదీ ప్రార్థనే అక్కా, అంతకంటే అబద్ధం లేని ప్రార్థన నేనైతే ఈ మధ్య వినలేదు.

----

విశ్వాసవీరుడు_చిత్తూరు:

డాక్టర్లని నమ్మితే ప్రార్థన ఎందుకు మరి? ఒకటి ఎంచుకోండి.

----

మదనపల్లె_పెద్దాయన:

బాబూ, నీకు ఆవేశం ఉంది, మంచిదే, కానీ బైబిల్ సగమే చదివావు. పుండుతో చావుకి దగ్గరైన హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థన చేస్తే దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు ఇచ్చాడు, అదే అధ్యాయంలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి ఆ పుండు మీద వేయమన్నాడు. రెండూ ఒకే రోగికి. పౌలు తన తోటివాడు త్రోఫిమును రోగంతోనే మిలేతులో వదిలి వచ్చానని తానే రాసుకున్నాడు, ఆయనకి విశ్వాసం తక్కువా? ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు కదా.

మనకి దూరమెందుకు, మా మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1912లో క్రైస్తవ మిషనరీ సంస్థలు కలిసి క్షయరోగుల కోసం మొదలుపెట్టిన ఆసుపత్రి. అప్పటికి క్షయకి మందే లేదు, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అంతే. మందు లేని రోజుల్లో కూడా వాళ్లు ప్రార్థన చేసి ఊరుకోలేదు, మంచాలు వేశారు. మీ చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటలో వచ్చే వేలూరు సీఎంసీ ఆసుపత్రి ఎలా పుట్టిందో తెలుసా? ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టమై, మగ డాక్టర్ చూడకూడదన్నారని చనిపోతే, ఆ రాత్రంతా నిద్రపోకుండా ప్రార్థన చేసిన అమ్మాయి ఐడా స్కడ్డర్, అమెరికా మిషనరీ డాక్టర్ కూతురు. పొద్దున లేచి తీసుకున్న నిర్ణయం డాక్టర్ చదవాలని. చదివి వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఇందులో ప్రార్థన ఎక్కడ ఆగింది, వైద్యం ఎక్కడ మొదలైంది, నువ్వే గీత గీసి చూపించు.

అమ్మా రేణిగుంట తల్లీ, నీకు ఒక మాట. యాకోబు పత్రికలో రోగి పెద్దలను పిలిపించాలని, వాళ్లు నూనె రాసి ప్రార్థన చేయాలని ఉంది, అందరూ అది చెప్తారు. అదే పత్రిక రెండో అధ్యాయంలో, తిండి లేనివాడికి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్లు అంటే ఏం లాభం అని కూడా ఉంది, అది కానుకల పెట్టె ఉన్న చోట ఎవరూ చదవరు. మా సంఘంలో ఒకామెకి ఇలాగే అయితే, బుధవారం కూడికలో పేర్లు రాసుకుని వంతులు వేసుకున్నాం, డయాలసిస్‌కి బండి మీద తీసుకెళ్లేవాళ్లు ఒకరు, తిరిగి తెచ్చేవాళ్లు ఒకరు, ఆ రోజు వాళ్లింటికి రాత్రి కూర పంపేవాళ్లు ఒకరు. ఉప్పు తక్కువగా. మీ పాస్టర్ గారిని అడుగు. సిగ్గుపడకు. మార్కు సువార్తలో పక్షవాతం ఉన్నవాణ్ణి నలుగురు మోశారు, ఇంటికప్పు విప్పి దించారు. యేసు చూసింది ఆ మోసినవాళ్ల విశ్వాసం. మంచం మీద ఉన్నవాడు ఆ రోజు ఏమి ప్రార్థించాడో మార్కు రాయనే లేదు.

----

రేణిగుంటరోడ్డు_అమ్మాయి:

అందరికీ థ్యాంక్స్. రెండు రోజులు రాయలేకపోయాను. రిపోర్ట్ ఫోటో మూడు గ్రూపుల్లో తీసేశారు, నాలుగోదాంట్లో అడ్మిన్ ఎవరో తెలియడం లేదు. పాస్టర్ గారిని అడిగాను, శనివారం తీసుకెళ్లడానికి ఇద్దరు ఒప్పుకున్నారు, గురువారం ఇంకా చూడాలి.

నర్సక్కా, మీరు చెప్పినట్టు నాన్నని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత రెండు చెప్పారు. ఒకటి, ఆటో అమ్మొద్దని ప్రార్థన చేయమన్నారు. రెండోది, రాత్రిళ్లు ఒళ్లంతా దురద వచ్చి నిద్ర పట్టడం లేదట, అది తగ్గాలని. ఇన్ని నెలలుగా ఉందట. మేము కిడ్నీ కోసం ఇంతమందిమి ప్రార్థన చేస్తున్నాం, ఈ దురద సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నిన్న రాత్రి ఆ రెండూ అడిగాను, మాటలు వచ్చాయి.

దురదకి మందేమైనా ఉందా అక్కా?

----

డయాలసిస్_నర్సక్క:

ఉంది. ఫాస్ఫరస్ ఎక్కువైనా దురద వస్తుంది, రేపు డాక్టర్‌తో చెప్పి ఆ టెస్ట్ చూపించండి. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు ఇచ్చి ఉంటే అన్నంతో పాటు వేసుకుంటున్నారో లేదో అడగండి, చాలామంది తిన్న చాలాసేపటికి వేసుకుంటారు, అప్పుడు అవి పని చేయవు. చర్మం పొడిబారినా వస్తుంది, స్నానమయ్యాక కొబ్బరినూనె రాయండి. ఆ ప్రార్థన నేనూ చేస్తాను, దురద గురించీ, ఆటో గురించీ.