27 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కి నాలుగడుగుల స్లాషరా, ఐదడుగులదా?

అందరికీ నమస్కారం. నూజివీడు దగ్గర మాకు ఆరెకరాల మామిడి తోట ఉంది. ఏటా రోటవేటర్ వేయించి వేయించి, పైవేళ్లు తెగుతున్నాయని ఈసారి మానేశాం. గడ్డి కోసి అక్కడే పాదుల్లో వేద్దామని స్లాషర్ (ట్రాక్టర్ వెనక తగిలించే గడ్డి కోసే యంత్రం) కొనాలనుకుంటున్నాం. వానలు పడితే గరిక దట్టంగా అల్లుకుంటుంది, వయ్యారిభామ నడుము దాకా లేస్తుంది. మధ్యమధ్యలో బొటనవేలు లావు తుమ్మ మొక్కలు కూడా.

ట్రాక్టర్ 27 హెచ్‌పీ, కానీ పీటీఓ (వెనక పనిముట్టుని తిప్పే షాఫ్టు) దగ్గర వచ్చేది 22 అని పుస్తకంలో ఉంది. అడుగు వెడల్పుకి 5 హెచ్‌పీ లెక్కన చూస్తే నాలుగడుగులదే హాయిగా లాగాలి. షాపాయన మాత్రం "ఐదడుగులది తీసుకోండి, త్వరగా అయిపోద్ది" అంటున్నాడు. బేరం ఆయనది, బండి నాది!

ఇంకో చిక్కు: వెనక టైర్ల బయటి అంచుల మధ్య కొలిస్తే నాలుగడుగులకి రెండంగుళాలే తక్కువ. నాలుగడుగులది పెడితే మలుపుల్లో టైరు తొక్కిన గడ్డి తెగకుండా మిగిలిపోతుందేమో. ఐదడుగులది బరువెక్కువ, ఎత్తగానే ముందు చక్రాలు లేస్తాయేమోనని టెన్షన్. గట్ల మీద అసలే వాలు ఎక్కువ.

ఇంతే హెచ్‌పీ బండితో ఐదడుగులది వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముందు బరువులు తగిలించారా? మా నేలలో రాళ్లున్నాయి, షియర్ బోల్టు (రాయి తగిలితే తానే తెగి గేర్‌బాక్సుని కాపాడేది) చాలా, స్లిప్ క్లచ్ (అప్పుడు తెగకుండా జారేది) ఉన్నదే తీసుకోవాలా?