అప్‌డేట్: మెష్ సన్నం చేసే కొద్దీ స్ట్రెస్ పెరుగుతున్న ఎల్ బ్రాకెట్

కంప్యూటర్‌లో ఫైనైట్ ఎలిమెంట్ లెక్క చేస్తుంటే, మెష్ (వస్తువును ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టే వల) సన్నం చేసిన ప్రతిసారీ బ్రాకెట్ లోపలి మూలలో స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) పెరుగుతోంది, ఏ అంకె నమ్మాలి అని ఇంతకుముందు అడిగాను కదా. తప్పు మెష్‌ది కాదు, నాదే. డ్రాయింగ్‌లో ఉన్న 3 మి.మీ. ఫిల్లెట్‌ను (మూలను గుండ్రం చేసే వంపును) "చిన్నదే కదా" అని తీసేశాను! పదునైన లోమూలలో లీనియర్ ఎలాస్టిక్ లెక్క (స్ట్రెస్‌కి తగ్గ నిష్పత్తిలోనే లోహం సాగుతుందనుకునే లెక్క) ప్రకారం స్ట్రెస్‌కి హద్దుండదు; మెష్ ఎంత సన్నమైతే అంత ఎక్కువ చూపిస్తుంది.

ఫిల్లెట్ తిరిగి పెట్టి, ఆ వంపు మీద మాత్రమే 6 ఎలిమెంట్లు వచ్చేలా చేశాను. 12కి పెంచినా అంకె 2 శాతం లోపే కదిలింది. 4 నోడ్ల (లెక్క కట్టే బిందువుల) టెట్‌ల, అంటే నాలుగు ముఖాల ఎలిమెంట్ల, బదులు 10 నోడ్లవి వాడాను. పాతవి బెండింగ్‌లో మరీ బిగుసుకుపోయి డిఫ్లెక్షన్ (వంగిన మేర) తక్కువ చూపించాయి.

ఫిక్స్‌డ్ సపోర్ట్ (బ్రాకెట్ అస్సలు కదలదని లెక్కలో పెట్టిన చోటు) అంచున ఎక్కువ స్ట్రెస్ చూపే ఎర్ర మచ్చ మాత్రం ఇంకా ముదురుతూనే ఉంది. అదీ ఇదే జబ్బు. అక్కడి బోల్టును నిజంగా మోడల్ చేసి చూడాలి.