కరెంటు పాఠానికి సిమ్యులేషన్ సరిపోతుందా, వైర్లు పట్టించాలా?

కోనసీమ టీచర్:
అమలాపురం దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తానండి. క్లాసులో టచ్ ప్యానెల్ పెట్టాక ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే స్క్రీన్ మీద చేసే ప్రయోగాలు వేస్తున్నా, పిల్లలు బల్బులు కలుపుకుంటూ కరెంటు ఎటు పోతోందో చూసి తెగ మురిసిపోతున్నారు. ల్యాబ్‌లో ఏమో అమ్మీటర్ల టెర్మినల్స్ చిలుం పట్టేశాయి, మన దగ్గర గాలిలో తేమకి ఎంత తుడిచినా మళ్ళీ అంతే. ఇంకా ల్యాబ్ ఎందుకండీ అంటున్నారు తోటి టీచర్లు. నాకు మనసొప్పట్లేదు.

రాజమండ్రి లెక్చరర్:
సిమ్యులేషన్‌ని తక్కువ చెయ్యకండి మాస్టారూ. ఫెట్ మొదలుపెట్టింది నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్, 2002లో, కొలరాడో యూనివర్సిటీలో. అక్కడే కొంతమందికి నిజం వైర్లూ బల్బులూ, కొంతమందికి స్క్రీన్ మీద సర్క్యూట్లూ ఇచ్చి చూశారు, తర్వాత నిజం సర్క్యూట్ కట్టమంటే స్క్రీన్ మీద నేర్చుకున్నవాళ్ళే బాగా కట్టారు, 2005లో పేపర్ వచ్చింది. సిరీస్‌లో మొదటి బల్బే కరెంటు తినేస్తుంది అనుకునే పిల్లాడికి ఎలక్ట్రాన్లు కదలడం చూపిస్తే ఆ అపోహ పోతుంది, వైర్లో అది కనపడదుగా.

పాలకొల్లు జూనియర్ లెక్చరర్:
అది కాన్సెప్ట్ వరకు నిజమే సార్. కానీ రెసిస్టెన్స్ కొలిచే మీటర్ బ్రిడ్జి తీగ మీద జాకీ (తీగని తాకించే పిన్ను) ఆ చివర పెట్టినా ఈ చివర పెట్టినా, కరెంటు ఎటు పోతోందో చూపించే గాల్వనోమీటర్ ముల్లు ఒకే పక్కకి కొడుతుంటే పిల్లాడు ఏం చేస్తాడు? ఎక్కడో స్క్రూ వదులైంది, ఒక్కో కనెక్షనూ కదిపి చూడాలి, ఎమరీ పేపర్ పెట్టి వైరు చివర రుద్దాలి, అప్పుడు ముల్లు రెండో పక్కకి వెళ్తే ఆ పిల్లాడి మొహం చూడాలండీ. స్క్రీన్ మీద స్క్రూ వదులవ్వదు. ఆ చిలుం కూడా పాఠమే, వాళ్ళ చేతే తుడిపించండి. 2024 నుంచి నీట్ సిలబస్‌లో కూడా ప్రయోగ నైపుణ్యాల యూనిట్ పెట్టారు.

భీమవరం ఆక్వా:
రొయ్యల చెరువుల్లో టెక్నీషియన్నండి. మేం ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటర్ మొత్తం మీ వక్రీభవనమే, కాంతి వంగడమే. ప్రిజం మీద చుక్క నీళ్ళేసి మూత వేసి వెలుగు వైపు పెడితే నీలం, తెలుపు మధ్య గీత కనపడుద్ది, సముద్రం నీళ్ళకి 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు ఉప్పు) దగ్గర, కాలవ నీళ్ళకి సున్నా దగ్గర. మీ ఊళ్ళో ఏ రైతునడిగినా ఇస్తాడు.

కోనసీమ టీచర్:
మా స్కూల్లో సగంమంది చెరువుల వాళ్ళ పిల్లలేనండి, సోమవారం తెమ్మంటా. ముందు ప్యానెల్ మీద కాంతి వంగడం చూపించి తర్వాత చేతికిస్తా.

భీమవరం ఆక్వా:
ముందు డిస్టిల్డ్ వాటర్ వేసి గీత సున్నా మీదకి తిప్పుకోండి, లేకపోతే రీడింగులన్నీ తేడా వస్తాయి.