పోత ఇనుప గ్రిల్ జాలీకి తుప్పు, నల్ల పెచ్చులు: బాగవుతుందా?

కృష్ణలంక డాబా
మా బొగ్గుల గ్రిల్‌కి పోత ఇనుప జాలీ, రెండు ముక్కలుగా ఉంటుంది. వానాకాలమంతా డాబా మీద గ్రిల్‌లోనే ఉంచి కవరు కప్పాం. ఇప్పుడు తీసి చూస్తే కమ్మీల అడుగున ఎర్రగా తుప్పు, పైన అక్కడక్కడ నల్లగా పెచ్చులు లేస్తున్నాయి. పండుగప్ప కాలిస్తే తోలంతా జాలీకే అతుక్కుపోయింది. బాగు చేసుకోవచ్చా, కొత్తది కొనాలా? నూనె ఏది రాయాలి? ఒకరు అవిసె నూనె అంటారు, ఒకరు నువ్వుల నూనె అంటారు.

పటమట పొయ్యి
కొత్తది అక్కర్లేదండి. పోత ఇనుము పగిలితే తప్ప పారేసే వస్తువు కాదు. ముందు ఆ పెచ్చు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. మసిలా పొడి అయిపోతే అది మాడిన కొవ్వు, లేదా ఎప్పుడో మందంగా రాసిన నూనె పొర. భయం లేదు. గాజు రవ్వలా గుచ్చుకుంటే మాత్రం అది ఎనామిల్ పూత. ఊడటం మొదలైన ఎనామిల్ తిండిలో పడుతుంది, దాన్ని గీకి బాగు చేయలేం, ఆ జాలీ మార్చాల్సిందే.

ఒట్టి పోత ఇనుమే అయితే ఇలా చేయండి. పెచ్చులన్నీ గీకేసి, స్టీల్ పీచుతో పొడిగానే రుద్దండి. సగం తుప్పు అక్కడే పోతుంది. మిగిలిన దానికి వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి జాలీ మునిగేలా పోయండి. అరగంటకోసారి తీసి రుద్ది చూడాలి. రాత్రంతా వదిలేయకండి, తుప్పు అయిపోయాక వెనిగర్ ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. తీశాక ఒక చెంచా వంట సోడా కలిపిన నీళ్లతో కడగండి.

ఆ తర్వాతే అసలు తొందర. మన ఊరి ఉక్కకి కడిగిన ఇనుము నిమిషాల్లో మళ్లీ నారింజ రంగుకి తిరుగుతుంది. గుడ్డతో తుడిచి వెంటనే స్టవ్ మీద పెట్టి, తడి పూర్తిగా ఆరి చేతికి వేడి తగిలే దాకా కాచండి. ఆ వేడి మీదే నూనె రాయాలి.

నూనె: తవుడు నూనె గానీ, రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ గానీ. అవిసె నూనె పొర గట్టిగా కనిపిస్తుంది కానీ పెళుసు, పెచ్చులుగా లేచిపోతుంది. కమ్మీల సందులతో సహా అంతా రాసి, పొడి గుడ్డతో మొత్తం తుడిచేయండి, అసలు నూనె రాయలేదేమో అనిపించేంతగా. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఎక్కువైన నూనె జిగటగా గడ్డకట్టి తర్వాత ఊడుతుంది. గ్రిల్‌లో బొగ్గులు ఒక పక్కకి తోసి, రెండో పక్క జాలీని బోర్లా పెట్టి మూత వేయండి. లోపల 200 నుంచి 250 డిగ్రీలు ఉండాలి. గంట సేపు, లేదా పొగ పూర్తిగా ఆగేదాకా. చల్లారాక మళ్లీ రాసి మళ్లీ కాల్చాలి, కనీసం 3 సార్లు.

గుంటూరు నిప్పులు
పైన చెప్పిందంతా సరే, కానీ తుప్పు ఎందుకు వచ్చిందో చూసుకోకపోతే వచ్చే వానలకి మళ్లీ ఇదే పని. గ్రిల్ అడుగున బూడిద వదిలేశారా? కట్టె బొగ్గు బూడిద క్షారం. గాలిలో చెమ్మ పీల్చుకుని ఘాటైన క్షారపు నీళ్లలా తయారై నూనె పొరని తినేస్తుంది. పైన కవరు ఉంటే ఆ చెమ్మ బయటికి పోదు. అడుగునే తుప్పు పట్టిందంటే దీన్నే అనుమానించాలి. ప్రతిసారీ చల్లారాక బూడిద ఎత్తిపోయండి.

ఇంకొకటి, వండటం అయ్యాక మిగిలిన నిప్పుల మీద జాలీని గంటలు గంటలు వదిలేయకండి. పొర కాలిపోయి ఇనుము బూడిద రంగుకి తిరుగుతుంది.

కృష్ణలంక డాబా
పెచ్చు నలిపితే పొడి అయింది, ఎనామిల్ కాదు. బూడిద నిజంగానే నాలుగు వేళ్ల మందం ఉంది. కాల్చిన ప్రతిసారీ సబ్బుతో కడగాలా? చేప అతుక్కోవడం కూడా దీని వల్లేనా?

పటమట పొయ్యి
ప్రతిసారీ కడగనక్కర్లేదు. వండగానే, జాలీ వేడిగా ఉన్నప్పుడే అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి పట్టకారుతో రుద్దితే చాలు. తీగ బ్రష్ వద్దు, దాని తీగ ముక్క ఊడి జాలీకి అంటుకుంటే తిండితో కడుపులోకి పోతుంది. వేడి జాలీ మీద చన్నీళ్లు మాత్రం పోయకండి, పోత ఇనుము పళ్లున చిట్లుతుంది.

చేప సంగతికొస్తే, పొర పోవడం ఒక కారణం, చల్లటి జాలీ మీద పెట్టడం రెండోది. మూత వేసి 10, 15 నిమిషాలు బాగా కాగనివ్వండి. దోసె పెనానికి చేసినట్టే ఉల్లిపాయ సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి కమ్మీల మీద రుద్దండి. చేప మీద తడి తుడిచి నూనె రాసి పెట్టండి. తోలు కాలితే దానంతటదే వదులుతుంది, వదలకపోతే ఇంకో నిమిషం ఆగండి. పెరుగు, నిమ్మరసం, చింతపండు పట్టించిన ముక్కలైతే మసాలా కారకుండా విదిల్చి పెట్టండి. పులుపు కొత్త పొరని పలచబరుస్తుంది, మొదటి నాలుగైదు సార్లు కొవ్వున్న చికెన్ లెగ్ ముక్కల్లాంటివి కాల్చడం మంచిది.

గుంటూరు నిప్పులు
వానలు మొదలయ్యాక జాలీని గ్రిల్‌లో ఉంచొద్దు. వేడి మీద పలచగా నూనె తుడిచి, రెండు ముక్కల మధ్య పాత పేపరు పెట్టి, ఇంట్లో గోడకి నిలబెట్టండి. ప్లాస్టిక్ కవరులో చుట్టొద్దు.