చింతమాను మొదట్లో గానోడెర్మా పుట్టగొడుగు: చెట్టు కొట్టెయ్యాలా, ఆగాలా?

బొడ్రాయి వాడ
పరకాల దిక్కు ఊరు. బొడ్రాయి పక్కన పాత చింతమాను, రొమ్ము ఎత్తులో చుట్టుకొలత 345 సెంటీమీటర్లు. ఉత్తరం వైపు నేలకు ఆనుకొని మూడు గట్టి పుట్టగొడుగులు అరల లెక్క బయటికొచ్చినయ్. పెద్దది జానెడు. పైన కాచు రంగు, వార్నిష్ పూసినట్టు నిగనిగ, అంచు తెలుపు, అడుగున తెల్లటి సన్న రంధ్రాలు. కింది ఆకుల మీద కాఫీపొడి లాంటి దుమ్ము. చెట్టు మాత్రం నిండు పచ్చగా ఉంది. సగం ఊరు కొట్టమంటున్నది, సగం ఊరు వద్దంటున్నది.

ఓరుగల్లు రంపం
కొట్టుడే. బయట కనపడేది కాయ మాత్రమే, అసలుది లోపల ఎన్నో ఏండ్ల సంది తింటాంది. పచ్చగ ఉన్నదని మురవకుండ్రి. నీళ్లు మోసేది బెరడు కింది తెల్లకర్ర. నడుమ చేవ మొత్తం పోయినా ఆకు పచ్చగనే ఉంటది. ఏప్రిల్, మే దుమారాలకు పచ్చటి మాను కూలితే జనం నోరు తెరిచేది అందుకే. ఇంకా ఆలస్యమైతే ఎక్కి కొమ్మ దించేటోనికి కూడా భద్రం లేదు.

చేవ
అన్నా, ముందు అది ఏ గొడుగో తేలనియ్యండి. అడుగున తెల్లటి భాగాన్ని గోటితో గీస్తే గీత గోధుమరంగుకు తిరగాలి. దానికి తోడు ఆ కాఫీ రంగు దుమ్ము ఉంటే గానోడెర్మాయే. ఎండిన కొమ్మల మీద రెండు మూడు సెంటీమీటర్ల తెల్లటి నూగు విసనకర్రలు, కింద రెక్కలు నిలువునా చీలి ఉంటే అది స్కిజోఫిల్లమ్. ఎండకు మాడిన బెరడు మీదా, చచ్చిన కర్ర మీదా వస్తుంది. నారింజ రంగు పలుచటి అర పిక్నోపోరస్, అదీ చచ్చిన కర్రదే. ఇక తొలివానకు మొదలు చుట్టూ మట్టిలోంచి లేచే, పీకితే పొడుగాటి వేరులాంటి కాడ వచ్చే మెత్తటి గొడుగు చెదల పుట్టది. దాన్ని వండుకోవాలి గానీ చెట్టును కొట్టకూడదు.

గానోడెర్మాది తెల్ల కుళ్లు. కర్రకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను కూడా తినేస్తుంది కనుక కర్ర పాలిపోయి, పీచుపీచుగా, స్పాంజిలా ఒత్తితే నొక్కుకుంటుంది. గోధుమ కుళ్లు వేరు: కర్రలో పీచు పదార్థమైన సెల్యులోజ్ పోయి లిగ్నిన్ మిగులుతుంది, కర్ర చతురస్రాలుగా పగిలి వేళ్ల మధ్య పొడవుతుంది, చెప్పకుండా పుటుక్కున విరుగుతుంది.

పేరు తేలాక చూడాల్సింది మిగిలిన గట్టి కర్ర ఎంతని. కొయ్య సుత్తితో నేల నుంచి రొమ్ము ఎత్తు దాకా జానెడుకొక దెబ్బ వెయ్యండి. గట్టి చోట 'టక్' అంటుంది, గుల్ల చోట 'డబ్'మంటుంది. డబ్ అన్న చోట్ల సుద్దతో గుర్తు పెట్టండి. జర్మనీ శాస్త్రవేత్త మాథెక్ లెక్క ప్రకారం గోడ మందం వ్యాసార్ధంలో 30 శాతం కంటే తగ్గకూడదు. 345ను 3.14తో భాగిస్తే వ్యాసం 110, వ్యాసార్ధం 55. బెరడు 2 తీస్తే 53. అంటే చుట్టూ 16 సెంటీమీటర్ల గట్టి గోడ ఉండాలి.

ఓరుగల్లు రంపం
ఆ లెక్క మూతపడ్డ గొట్టానికి తమ్మీ. పక్కన తొర్ర తెరుచుకొని ఉంటే చెల్లది. పైగా నీ సుత్తి మాను సంగతి చెప్తది, మన గొడుగు మట్టి దగ్గర లేచింది. వేర్ల అడుగు నుంచి తిన్నదనుకో, నీ 16 సెంటీమీటర్లు నిక్షేపంగ ఉండంగనే మాను వేళ్లతో సహా పండుకుంటది.

చేవ
ఇది ఒప్పుకోవాల్సిందే. మొదట్లో లేచిన గానోడెర్మాకు మాను గోడ లెక్క సగం జవాబే.

వేర్లు చూడాలంటే జేసీబీ పెట్టొద్దు, ఉన్న వేర్లు కూడా తెగుతాయి. మాను నుంచి వేర్లు చీలే చోట చేత్తో, చిన్న గడ్డపారతో అడుగు లోతు మట్టి తియ్యండి. ఒక్కో వేరు కిందికి మొన ఉన్న సన్న ఇనుప చువ్వ పెట్టి పైకి పొడవండి. వేరు పైభాగం గట్టిగా ఉండి అడుగు మెత్తబడడం దీనికి మామూలే, అందుకే పైన పొడిచి 'బాగుంది' అనుకుంటారు. గాలి వీచినప్పుడు మొదలు దగ్గర నేల నెర్రె విచ్చి మూసుకుంటున్నా, ఒక పక్క మట్టి ఉబ్బినా ఇక పరీక్షలు అక్కర్లేదు, కింద మనుషులు కూర్చోకుండా కంచె కట్టండి.

మొక్కల మల్లేశం
గొడుగులు చెక్కేసి, తొర్రలో సిమెంటు నింపి, బోర్డో పేస్టు పూస్తే? పాలమూరు పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించిండ్రు కదా.

చేవ
అది చెదలకు ఎక్కించిన క్లోరిపైరిఫాస్ పురుగుమందు. చెదపురుగు చస్తుంది, బూజు చావదు. గొడుగు చెక్కడమంటే కాయ కోయడమే. చెక్కే ముందు ఫొటో, కొలత తీసి పెట్టుకోండి, లేకుంటే గుర్తు కూడా పోతుంది. సిమెంటు అసలే వద్దు: చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు, మధ్య సందులో నీళ్లు నిలుస్తాయి. తొర్రను గట్టి కర్ర దాకా గీకి శుభ్రం చెయ్యడమూ తప్పే. అమెరికా చెట్ల శాస్త్రవేత్త అలెక్స్ షైగో చూపించినట్టు చెట్టు కుళ్లు చుట్టూ తనకు తానే అడ్డుగోడ కట్టుకుంటుంది, ఉలి ఆ గోడనే పగలగొడుతుంది. ఈ కారణంగానే గోడ మందం చూసేందుకు వేసే డ్రిల్లు రంధ్రాలు కూడా సుత్తి అనుమానపడ్డ చోట రెండు మూడు చాలు. బోర్డో పేస్టు (మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు) కొత్త కోతల పైపూత మాత్రమే.

2021లో వేపలు ఎండినప్పుడు కొట్టిన బూజు మందు కార్బెండజిమ్ కూడా ఇక్కడ అడగకండి. అది చిగుళ్లను ఎండబెట్టిన ఫోమాప్సిస్ అనే బూజు కోసం, కర్ర కుళ్లు కోసం కాదు.

బొడ్రాయి వాడ
తవ్వి చూసినం. పెద్ద వేర్లు ఐదు. ఉత్తరం, వాయవ్యం వేర్లకు అడుగున చువ్వ జానెడు దిగింది, తెల్లటి తడి పీచు వచ్చింది. మూడు గట్టిగ ఉన్నయ్. మాను చుట్టూ సుత్తికి ఎక్కడా డబ్ అనలేదు.

ఓరుగల్లు రంపం
పక్కపక్క వేర్లు రెండు. ఇంకేం గావాలె?

చేవ
ఒకటే అయితే పైకొనలు రెండు మూడు మీటర్లు దించి, ఏడాదికోసారి తవ్వి చూద్దామనేవాణ్ని. పక్కపక్కవి రెండు పోతే ఆ దిక్కు పట్టు మొత్తం పోయినట్టే, దుమారం ఏ దిక్కు నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. కింద ఖాళీ పొలమైతే ఉంచమనేవాణ్ని. బొడ్రాయి దగ్గర కాబట్టి కొట్టమనే నా మాట కూడా. వాల్టా చట్టం కింద అటవీ శాఖ అనుమతికి దరఖాస్తు పెట్టేటప్పుడు చువ్వ దిగిన ఫొటోలు జతచెయ్యండి. మూడు మీటర్ల మొండెం ఉంచితే చిగురిస్తుంది, గుడ్లగూబలకూ పనికొస్తుంది.

ఓరుగల్లు రంపం
మొండెం సరే, చిగుళ్లు పెరిగి మల్ల మాను అయితే బరువు ఆ మూడు వేర్ల మీదనే పడ్తది. రెండేండ్లకోసారి కొట్టే మనిషి ఉంటేనే ఉంచుండ్రి. లేకుంటే మొద్దు, దొరికినంత వేరు తవ్వి తియ్యుండ్రి. ఆ గుంతల మల్ల చింత పెడితే మిగిలిన వేరు నుంచే దానికి అంటుతది.