ముసురు తెరిపిచ్చినప్పుడు చూసిన సగం గూళ్ళు: గిజిగాళ్ళు వదిలేసినట్టేనా?

హన్మకొండ నడక

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా పట్టిన ముసురు నిన్న సాయంత్రం కాస్త తెరిపి ఇవ్వడంతో నడకకు బయలుదేరాను. మా కాలనీ చివర, ఇంకా ప్లాట్లుగా మారకుండా మిగిలిన వరి మడుల పక్కన ఒక పాత వ్యవసాయ బావి ఉంది. దాని మీదికి వంగిన ఈత చెట్టుకు పదిహేను గిజిగాడి గూళ్ళు లెక్కపెట్టాను. వాటిలో తొమ్మిదింటికి కిందికి వేలాడే పొడవాటి గొట్టం ఉంది. మిగిలిన ఆరు మాత్రం బోర్లించిన బుట్టలాగా కింది వైపు తెరిచి ఉండి, మధ్యలో ఒక అడ్డ పట్టీతో ఆగిపోయాయి. ఆ ఆరింటిలో నాలుగు పచ్చగా, రెండు ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. ఒక పూర్తి గూడు బురదలో పడి ఉంది.

వానకు బెదిరి పక్షులు ఈ గూళ్ళను సగంలో వదిలేశాయా? కింద పడిన గూడును తాడుతో మళ్ళీ కొమ్మకు కడితే అవి తిరిగి వస్తాయా? చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది, తెలిసినవారు చెప్పగలరు.

జనగామ జీవశాస్త్రం

నమస్కారమండీ. మీరు రంగును కూడా గమనించడం వల్ల జవాబు తేలికైంది. గిజిగాడు వరి ఆకునూ గడ్డినీ ఈత ఆకునూ సన్నని పోగులుగా చీల్చి అల్లుతుంది కాబట్టి, పచ్చగా ఉన్న గూడు అంటే ఈ కొద్ది రోజుల్లో అల్లినదని అర్థం. ఆ నాలుగూ వదిలేసినవి కావని నా నమ్మకం.

గూడు అల్లేది మగపక్షి. సంతాన కాలంలో దాని నెత్తీ రొమ్మూ పసుపు రంగుకు తిరుగుతాయి. మిగతా రోజుల్లో ఆడా మగా రెండూ ఊరపిచ్చుకల్లాగే కనిపిస్తాయి. మగపక్షి మీరు చెప్పిన బుట్ట ఆకారం వరకు అల్లి, అక్కడితో ఆపి, దాన్ని పట్టుకుని వేలాడుతూ రెక్కలు కొట్టి అరుస్తుంది. దీన్నే హెల్మెట్ దశ అంటారు, ఇక్కడి వరకు రావడానికి సుమారు 8 రోజులు పడుతుంది. ఆడపక్షి వచ్చి పరిశీలించి ఒప్పుకున్న తరువాతనే గుడ్ల గది, దారి గొట్టం పూర్తవుతాయి. మొత్తం గూటికి దాదాపు 18 రోజులు, 500 దాకా రాకపోకలు అవసరమవుతాయి. ఒక గూట్లో ఆడపక్షి కుదురుకోగానే మగపక్షి ఇంకో గూడు మొదలుపెడుతుందని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే వివరించారు. ఎండిపోయిన ఆ రెండు సగం గూళ్ళు మాత్రం ఏ ఆడపక్షికీ నచ్చక మిగిలిపోయినవి అయి ఉండవచ్చు.

కింద పడిన గూటిని తిరిగి కట్టినా ప్రయోజనం ఉండదు, అవి దానిని మళ్ళీ వాడుకోవు. లోపల పిల్లలు బతికి ఉంటే మాత్రం అటవీ శాఖ సిబ్బందికి వెంటనే చెప్పండి.

పరకాల రైతుబిడ్డ

పై జవాబుతో ఏకీభవిస్తూ, మా పొలం దగ్గర ఏళ్ళుగా చూస్తున్న ఒక సంగతి చెబుతాను. మా బావి గడ్డన ఉన్న ఈత చెట్టుకు గూళ్ళన్నీ తూర్పు వైపే ఉంటాయి. ఈ కాలంలో ఈదురుగాలి నైరుతి నుంచి వస్తుంది కాబట్టి, చెట్టు మొత్తం వాటికి అడ్డుగా నిలుస్తుంది. వానకు బెదిరే పక్షి వానాకాలాన్నే ఎంచుకుని గూడు కట్టదు కదా. అల్లడానికి పచ్చని ఆకు, పిల్లల నోటికి పురుగులు అప్పుడే దొరుకుతాయి.

వరి పాలు పోసుకునే రోజుల్లో ఈ పిట్టలను మేమూ తోలతాము, ఆ మాట దాచను. కానీ గూళ్ళ జోలికి ఎవరినీ పోనివ్వము. మా చిన్నతనంలో ఇంటి వాకిట అలంకారానికని గూళ్ళు తెంపుకొచ్చేవారు, లోపల గుడ్లున్నాయో లేదో చూసేవారు కారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గూళ్ళను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాల పైచిలుకు పడుతుంది కనుక, ఆ నెల రోజులు మీ కాలనీ పిల్లలు రాళ్ళు విసరకుండా చూడగలిగితే గొప్ప మేలు.

హన్మకొండ నడక

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు పొద్దున గంటసేపు తెరిపి దొరకగానే మళ్ళీ వెళ్ళి, బావికి ఇవతలే నిలబడి చూశాను. పడిపోయిన గూడు ఖాళీగానే ఉంది. గూళ్ళలో పన్నెండు తూర్పు వైపే ఉన్నాయి, నిన్న ఆ సంగతి నాకు తట్టనే లేదు. పచ్చని సగం గూళ్ళలో ఒకదానికి పసుపు నెత్తి పక్షి తలకిందులుగా వేలాడి రెక్కలు కొడుతుండగా, గోధుమ రంగు పక్షి ఒకటి వచ్చి అడ్డ పట్టీ మీద వాలింది. లోపలికి తొంగి చూసి, పట్టీని ముక్కుతో రెండుసార్లు లాగి, ఎగిరిపోయింది. మగపక్షి కాసేపు ఊరకుండి, మడిలోకి దిగి ఒక వరి ఆకును చీల్చుకుని మళ్ళీ పైకి వెళ్ళింది. ఇంతలో చినుకులు మొదలయ్యాయి, నేను గొడుగు తెరిచాను, అది మాత్రం అల్లుతూనే ఉంది.