కాథరీన్ ప్రార్థన పుస్తకం: 1440 నాటి వరుసలో చూపాలా, విడిపోయిన రెండు పుస్తకాలుగానే చూపాలా?

పుటల వరుస

ముందు విషయం చెప్తాను, తర్వాత నా వాదన.

న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో ఒక డచ్ ప్రార్థన పుస్తకం ఉంది. గెల్డర్స్ డ్యూక్ ఆర్నాల్డ్ భార్య, క్లీవ్స్ కాథరీన్ కోసం 1440 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో తయారైంది. బొమ్మలు వేసినాయన పేరు తెలియదు, ఈ పుస్తకం పేరుతోనే ఆయన్ని పిలుస్తున్నారు. పుట ఎత్తు 19 సెంటీమీటర్లు. ఇప్పటికి 157 చిత్రాలు మిగిలాయి.

కాథరీన్ 1476లో పోయింది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళకు దగ్గరదగ్గరగా ఇది ఎవరి దగ్గరుందో రికార్డు లేదు. 19వ శతాబ్దం మధ్యలో దీని కుట్టు విప్పి, పుటలు అటూ ఇటూ కలిపి, రెండు పుస్తకాలు చేశారు. ఎవరికి వారు తమ దగ్గరున్నదే మొత్తం అనుకునేలా సర్దారు. అనుమానం పారిస్ పుస్తక వ్యాపారి జాక్ టెషెనర్ మీదికి పోతుంది. ఒక సగం ఆరెన్‌బర్గ్ డ్యూకుల దగ్గరికి, అక్కణ్ణుంచి 1957లో అమెరికాలోని గెన్నాల్ అనే ప్రైవేటు సేకరణకు చేరింది. రెండో సగం రోత్‌షీల్డ్ అనే బ్యాంకర్ల కుటుంబం దగ్గర ఉండి 1963లో మోర్గాన్‌కు అమ్మకానికి వచ్చింది. అప్పుడే అక్కడి చేతిరాత ప్రతులు చూసే జాన్ ప్లమర్ ఈ రెండూ ఒకే పుస్తకమని పట్టుకున్నాడు. గెన్నాల్ సగాన్ని కూడా 1970లో మోర్గాన్ కొన్నది. ఇప్పటికీ వాటికి రెండు నంబర్లు: ఎం.917, ఎం.945.

ప్రదర్శనలో గానీ, అచ్చులో గానీ, తెర మీద గానీ దీన్ని 1440 నాటి వరుసలోనే చూపాలని నా అభిప్రాయం. వారంలో రోజుకో ప్రార్థన ఉన్న పుస్తకమిది. ఆదివారం త్రిత్వానికి, సోమవారం చనిపోయినవారికి, శనివారం మరియమ్మకు. వారం చెదిరిపోతే ప్రార్థన పుస్తకంలో ఇంకేం మిగిలింది? పైగా కాథరీన్ సొంత బొమ్మలే విడిపోయాయి. మరియమ్మ ముందు మోకరిల్లిన కాథరీన్ ఒక సగంలోకి, పేదలకు దానం చేస్తున్న కాథరీన్ ఇంకో సగంలోకి పోయారు. యజమానురాలిని కూడా రెండుగా పంచి అమ్మారు.

రికార్డు రూము

మీ బాధ అర్థమైంది కానీ, వాదన ఒప్పుకోలేను.

కాథరీన్ చేతిలో ఈ పుస్తకం ఉన్నది మహా అయితే ముప్పై ఆరేళ్ళు. రెండు పుస్తకాలుగా ఉన్నది నూరేళ్ళ పైమాటే. మొదటి ముప్పై ఆరేళ్ళే అసలు చరిత్ర, తర్వాతదంతా చెరిపేయాల్సిన మరక అని ఎవరు తేల్చారు? ఆరెన్‌బర్గ్ వాళ్ళు చూసింది ఆ సగాన్నే, ఆ వరుసలోనే. ఒక వస్తువు ఎవరెవరి చేతులు మారిందో దాని ఒంటి మీదే గుర్తులుంటాయి. వాటిని తుడిచేసి 1440లో ఇలా ఉండేది అని చూపిస్తే, మనం చూసేది పండితులు ఊహించి పేర్చిన పుస్తకం.

ఇంకో సంగతి. ప్లమర్ ఆ వరుసను తేల్చింది దేన్ని చూసి? ఈ సగంలో తెగిన పాఠం ఆ సగంలో దొరకడాన్ని చూసే కదా. ఆ చెదిరిన స్థితే మనకున్న సాక్ష్యం.

తోలుపుట

అమ్ముకోవడానికి చేసిన మోసానికి చరిత్ర అని పేరు పెట్టకండి. ఒక పుస్తకం ఖరీదుకు ఒకటి అమ్మడం వేరు, ఒకదాన్ని రెండు చేసి రెండు ఖరీదులు రాబట్టడం వేరు. కొన్నవాళ్ళు కూడా మోసపోయినవాళ్ళే. సాక్ష్యం కావాలంటే ఫోటోలు తీసి దాచుకోండి, ఎవరొద్దన్నారు?

నైమేగెన్ నుంచి

నేనుండేది నెదర్లాండ్స్‌లో. 2009 చివర్లో నైమేగెన్‌లోని వాల్‌కోఫ్ మ్యూజియంలో దీన్ని ప్రదర్శించినప్పుడు చూశాను. 2010లో మోర్గాన్‌లోనూ పెట్టారు. కుట్టు విప్పి ఉండటంతో చాలా పుటలు ఒకేసారి చూపగలిగారు. మామూలుగా ఇలాంటి పుస్తకం అద్దాల పెట్టెలో రెండు పుటలు తెరిచి పెడతారు, అంతే.

నరకం బొమ్మ దగ్గర జనం కదల్లేదు. పెద్ద పిల్లి జాతి మృగంలాంటి నోరు, ఆ నోట్లో ఇంకో నోరు, లోపల ఎర్రగా మండే కొలిమి. పైన కోట బురుజులు. ఒక దయ్యం మనుషుల్ని ఒంటిచక్రం బండిలో వేసుకుని తోసుకొస్తోంది. కింద అంచులో ఒక పచ్చటి జంతువు నోట్లోంచి చీటీలు బయటికొస్తుంటాయి, వాటి మీద ఏడు మహాపాపాల పేర్లు. అరచేయంత చోటులో ఇదంతా!

అయినా నాకు ఒకటి లోటనిపించింది. గోడ వెంట వరసగా విడి పుటలు చూస్తుంటే అది పుస్తకంలా లేదు, బొమ్మల కొలువులా ఉంది. ఏ పుట వెనక ఏముందో, ఎంత తిప్పితే ఏం వస్తుందో తెలియదు. మీరిద్దరూ వరుస గురించి కొట్టుకుంటున్నారు. పుట తిప్పే అవకాశమే లేనప్పుడు ఏ వరుసైతే ఏం?

పుటల వరుస

నైమేగెన్ గారూ, మీరు చెప్పిన ఆ నరకం గెన్నాల్ సగంలో ఉండేది. ఇప్పుడు రోత్‌షీల్డ్ సగంలోని సాధువుల పుటలు చూడండి. సెయింట్ ఆంబ్రోస్ చుట్టూ అంచంతా ఆల్చిప్పలే. కొన్ని మూసుకుని, కొన్ని తెరుచుకుని, పుట మీద నిజంగా పేర్చినట్టే ఉంటాయి. సెయింట్ బార్తలోమ్యూ చుట్టూ బిస్కెట్లు, ప్రెట్‌జెల్‌లు. ఇంకోచోట పంజరాల్లో పిట్టలు. ఒక పుట అంచు నిండా నాణేలు గీశాడు, అవి ఆ కాలంలో చెలామణిలో ఉన్న నాణేలేనని పోల్చుకోగలిగేంత వివరంగా.

ఆ దయ్యాల్ని వేసిన చెయ్యి, ఈ ఆల్చిప్పల్ని వేసిన చెయ్యి ఒకటేనని ఒకేచోట పెట్టి చూసే వీలు నూరేళ్ళ పాటు ఎవరికీ లేకపోయింది. ఉట్రెక్ట్ చిత్రకళ గురించి రాసినవాళ్ళు ఈ సగాన్నో ఆ సగాన్నో మాత్రమే చూసి రాయాల్సి వచ్చింది. విభజన వల్ల జరిగిన నష్టం ఇదీ. ఇది చూపులో పడిన లోపం, డబ్బు లెక్క కాదు.

గోదారి గట్టు

విడదీయడం ఎప్పుడూ నష్టమేనా? డ్యూక్ జాన్ ఆఫ్ బెర్రీ కోసం మొదలైన ఒక ప్రార్థన పుస్తకం ఉంది. దాన్ని 15వ శతాబ్దంలోనే ముక్కలు చేశారు. కొంత భాగం హాలండ్ కౌంట్ల చేతికి వెళ్ళింది, అందులో కొన్ని బొమ్మలు ఆ కాలపు గొప్ప చిత్రకారుడు వాన్ ఐక్ వేసినవంటారు. ట్యూరిన్‌లో ఉన్న ముక్క 1904 అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మిలాన్ ముక్క, పారిస్ ముక్క బతికాయి. మొత్తం ట్యూరిన్‌లోనే ఉండి ఉంటే ఏమయ్యేది?

తోలుపుట

అది అదృష్టం. అదృష్టాన్ని చూపించి కత్తెర పట్టినవాణ్ణి సమర్థించలేం. అమెరికాలో ఓటో ఈగె అనే ఆయన మధ్యయుగపు పుస్తకాల్ని విప్పి, పుట పుటా విడదీసి అమ్మాడు. పేదవాడికి కూడా ఒక పుట దక్కుతుందని ఆయన చెప్పుకున్నాడు. ఆ పుటల్ని వెతికి, పుస్తకాల్ని మళ్ళీ తెర మీదైనా పేర్చడానికి పరిశోధకులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. కాథరీన్ పుస్తకం రెండు ముక్కలతో బయటపడింది కాబట్టి ఈ చర్చయినా చేయగలుగుతున్నాం.

రికార్డు రూము

టెషెనర్‌ని నేను సమర్థించడం లేదు. ఆ పని తప్పే. తప్పు జరిగిందన్న సంగతి చూసేవాడికి తెలియాలి అంటున్నాను.

1966లో ప్లమర్ పరిచయంతో వచ్చిన ముద్రణ తీసుకోండి. అప్పటికి రెండు సగాలూ ఇద్దరు వేర్వేరు యజమానుల దగ్గరున్నాయి. అయినా అచ్చులో బొమ్మలన్నీ పాత వరుసలో కలిశాయి. చక్కటి పని. కానీ పుస్తకం తిరగేసేవాళ్ళకు ఏ బొమ్మ ఎవరి దగ్గరిదో గుర్తుంటుందా? అన్నీ ఒకేచోట ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంకా కొన్ని పుటలు పూర్తిగా పోయాయి. మీ 1440 వరుసలో వాటిని ఏం చేస్తారు? ముందు పుటా తర్వాతి పుటా దగ్గరికి జరిపేస్తే అది కూడా టెషెనర్ చేసిన పనే కదా, అతుకు కనబడకుండా దాచడం.

పుటల వరుస

ఈ మాట న్యాయంగా ఉంది. పోయిన పుట ఉండాల్సిన చోట ఖాళీ వదలాలి, అక్కడ ఏ ప్రార్థన ఉండాలో రాయాలి. ప్రతి పుట కింద అది ఎం.917లోదో, ఎం.945లోదో, ఎవరి చేతులు మారి వచ్చిందో వేయాలి. ఇందులో నాకు అభ్యంతరం లేదు. వ్యాపారి పేర్చిన వరుసను మాత్రం చివర్లో అనుబంధంగా పెడితే చాలు.

రికార్డు రూము

అనుబంధాలు ఎవరు చదువుతారండీ? తెర మీద చూపేటప్పుడు రెండు వరుసలకూ రెండు బటన్లు ఉండాలి, ఒకదాని పక్కన ఒకటి, ఒకే సైజులో. కాథరీన్ చదివినట్టు చూడాలంటే ఒకటి, రోత్‌షీల్డ్ ఇంట్లో తెరిచినట్టు చూడాలంటే ఇంకొకటి. ఇది ఒప్పుకుంటే నేను సర్దుకుంటాను.

తోలుపుట

బటన్లు రెండు పెట్టుకోండి. సైట్ తెరవగానే వచ్చేది మాత్రం కాథరీన్ వరుసే కావాలి. అక్కడ నేను తగ్గను.